గీత అవతల ఒక కాపీ

పిడుగు మా ఇంటి మీద పడలేదు,
వెనక సందులో కరెంటు స్తంభం మీద పడింది.
అయినా తెల్లారి మీట నొక్కితే
నల్లటి తెర మీద ఒకే ఒక తెల్లగీత
వెలుగుతూ ఆరుతూ,
చెప్పాల్సింది మరిచిపోయి గుమ్మంలో నిలబడ్డ మనిషిలా.

పర్లాకిమిడి బజారులో కేశబ్
మూత విప్పకుండానే తేల్చేశాడు.
ఫార్మాట్ కొట్టాలి అక్కా, ఎనిమిది వందలు,
సొబు ఉడిజిబ.
అన్నీ ఎగిరిపోతాయట.
ఒడియాలోనూ పోయేవాటికి రెక్కలే ఇచ్చారు.

ఏమున్నాయని ఎగరడానికి?
పదకొండేళ్లుగా నీలం దుప్పటి ముందు కూర్చోబెట్టి
నేను తీసిన మా వీధి పాస్‌పోర్టు ఫొటోలు.
జువ్వాల తవిటమ్మ పింఛను కాగితాలు,
మూడు కాగితాల్లో మూడు వయసులు.
కొమ్ముపని మహారణా గారి
కొంగల మెడలు, రొయ్య మీసాల కొలతలు.
లొంజో శబర్ బోరుబావికి పెట్టుకున్న అర్జీ
జవాబు రానిది,
అందుకే చెరపలేనిది.

యంత్రాన్ని చంకనెత్తుకుని ఇంటికొచ్చేశాను.

రాత్రి పదయ్యాక కరెంటు కుదురుకుంటుంది.
పెన్‌డ్రైవ్‌లోంచి ఇంకో వ్యవస్థను లేపి
నిద్రపోతున్నవాడు కదలకుండా
చొక్కా జేబులు తడిమినట్టు
ఒక్కో ఫోల్డరూ బయటికి తీశాను.
అరవై నాలుగు శాతం దగ్గర ఆగింది.
చేప కడిగి వచ్చాను. అరవై నాలుగు.
చింతపండు పిసికాను, పులుసు దించాను,
అరవై నాలుగే.
ఏమనుకుందో, ఒక్క గెంతులో తొంభై రెండు.
మొదటి ఏడాది ఫోల్డరు మాత్రం
నాలుగుసార్లు అడిగినా ఇవ్వలేదు.
ఆ మొహాలు తనకే ఉంచుకుంది.

అప్పుడు తుడిచేశాను.
ఆ మీట నొక్కడానికి ముందు
చెయ్యి చీరకు రెండుసార్లు తుడుచుకున్నాను.

మళ్లీ పుట్టిన యంత్రం మొదటి మాటే ఇది:
నీ భాష ఏది? ఒకటి ఎంచుకో.
చిన్న చుక్క.
ఒకదాంట్లో పెడితే ఇంకోదాంట్లోంచి పోతుంది.
నేను బడిలో దిద్దింది ఒడియా,
తిట్టేదీ చిల్లర లెక్కపెట్టేదీ తెలుగు,
అర్జీలు అడిగేది ఇంగ్లీషు.
మా ఆయన నిద్రలో గొణిగేది
ఆయనకే అర్థం కాదు.
ఈ ప్రశ్న మా ఊరిని ఇదివరకే ఎవరో అడిగారు,
జవాబు వినకుండా
'తర్వాత' నొక్కేశారు.

మూడూ ఎక్కించాను.
తెర మూలన ఒకదాని వెనక ఒకటి
రేషన్ కొట్టు వరసలా నిలబడ్డాయి.
టైం జోన్ దగ్గర మాత్రం తగువు రాలేదు.

కోడి కూసేవేళకు పాతవన్నీ పాత చోట్లకు చేరాయి.
అప్పుడు మొత్తానికి ఒక ఇమేజ్ తీశాను.
ఫైళ్లొక్కటే కాదు,
అక్షరాల సైజు, గడియారం, దాని మొండితనం కూడా.
ఒకటి బయటి డిస్కులో, గుడ్డ చుట్టి బియ్యం డబ్బాలో.
ఇంకోటి ఈ గోడల మధ్య ఉండకూడదు,
పిడుగుకి మా సందు తెలిసిపోయింది.

పాతపట్నం ఆటో ఎక్కాను.
గీత ఎక్కడ దాటామో డ్రైవరుకీ తెలీదు.
బోర్డుల మీద గుండ్రటి అక్షరాలు
ఇంకోరకం గుండ్రంగా మారాయి, అంతే.

కింతలి నీలవేణి కుట్టుమిషను ఆపింది.
"ఏటుందే దీన్లో?"
"మా వీధి."
అరచేతిలో తూచి చూసి
"ఇంతేనేటి బరువు" అంది,
బాబిన్ల సొరుగులో పడేసింది.
దాని మీద పేరు ఏ లిపిలో రాయాలో తోచక
తేదీ ఒక్కటే వేశాను.

తిరిగొచ్చేసరికి మెట్ల మీద తవిటమ్మ.
మళ్లీ ఫొటో కావాలట,
ఈసారి ఇంకో వయసుకి.
నీలం దుప్పటి ఉతికాను, ఇంకా ఆరలేదు.
గోడకి ఆకుపచ్చ చీర కట్టాను.
నవ్వొద్దన్నాను, నవ్వింది.

ప్రింటరు మాత్రం
ఇంకా నన్ను గుర్తు పట్టలేదు.